పాత లారీ వెనుక చక్రాలకు డిస్కు బ్రేకులు - ఒక పరిశీలన

విశాఖపట్నం అనగానే మనకు ముందుగా ఓడరేవు, తరువాత ఉక్కు కర్మాగారం స్ఫురణకు వస్తాయి. ఓడరేవు 1933లో ప్రారంభమైనది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైనది. ఈ రెంటినీ నమ్ముకొని పెరిగిన మరొక విశాఖపట్నం కూడా ఉన్నది. అది లారీలదీ, వాటిని నడిపేవారిదీ, బాగుచేసేవారిదీ. గాజువాక ప్రాంతపు షెడ్లలో సాయంకాలం ఒక గంట నిలబడితే, మనం తరగతిలో నేర్చుకొనే యాంత్రికశాస్త్రమంతా నూనె మరకలతో మన కళ్ళయెదుట కనిపిస్తుంది.

మా వీధిలో ఒక వృద్ధ మెకానిక్కు ఉన్నారు. అందరూ ఆయనను ఉస్తాద్ గారు అంటారు. ఆయన తండ్రిగారు కొన్న 1960ల నాటి బెడ్‌ఫోర్డ్ లారీ నేటికీ వారి షెడ్డులో ఉన్నది. అది ఇప్పుడు సరుకు మోయదు. తండ్రి జ్ఞాపకంగా దానిని కాపాడుకుంటూ, అప్పుడప్పుడు ఖాళీగా బయటికి తీస్తారు. గత సంవత్సరం ఆయన నన్ను పిలిచి, "బేటా, దీని వెనుక డ్రమ్ము బ్రేకులు తీసివేసి డిస్కు బ్రేకులు వేద్దామనుకుంటున్నాను. నీవు భౌతికశాస్త్రం చదువుతున్నావు కదా, లెక్క చూసి చెప్పు" అన్నారు.

అందుకు కారణం కూడా చెప్పారు. నలభై ఏళ్ళ క్రితం ఆయన అదే లారీలో క్లీనరుగా ఉండగా, నిండు బరువుతో అనంతగిరి ఘాటీ దిగుతున్నారట. సగం దారిలో బ్రేకు పెడలు మెత్తబడి పలకకు అంటుకొన్నది. ఎన్నిసార్లు తొక్కినా బండి ఆగలేదు. డ్రైవరు సమయస్ఫూర్తితో లారీని కొండవైపు మట్టిగట్టుకు రాయించి ఆపినాడు. ప్రాణాలు దక్కినవి గాని, "ఆ డ్రమ్ములే మమ్మల్ని చంపబోయినవి" అనే అభిప్రాయం ఉస్తాద్ గారి మనసులో నాటుకొనిపోయినది. ఆ అభిప్రాయం ఎంతవరకు సరియైనదో తేల్చే ప్రయత్నమే ఈ వ్యాసం. ఇందులో చెప్పేదంతా ద్రవపీడనంతో పనిచేసే బ్రేకులకు మాత్రమే వర్తిస్తుంది. నేటి భారీ లారీలలోని గాలి బ్రేకుల సంగతి వేరు.

బ్రేకు చేసే పని ఏమిటి?

బ్రేకు బండిని ఆపుతుందని మనం అంటాము. శాస్త్రరీత్యా అది చేసేది బండి శక్తిని ఉష్ణంగా మార్చటం. పదివేల కిలోగ్రాముల లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుందాం. దాని గతిజ శక్తి సుమారు 1.4 మెగాజౌళ్ళు. ఒకసారి పూర్తిగా ఆపితే అంత శక్తీ ప్రధానంగా బ్రేకులలో వేడిగా మారుతుంది.

ఇక కొండ దిగటం చూడండి. అదే లారీ 100 మీటర్ల ఎత్తు దిగితే కోల్పోయే స్థితిజ శక్తి 9.8 మెగాజౌళ్ళు. అనగా ఏడుసార్లు పూర్తి వేగం నుండి బండిని ఆపినంత. అరకులోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి శృంగవరపుకోట మైదానానికి రావాలంటే 800 మీటర్లకు పైగా దిగవలెను. ఆ శక్తి దాదాపు 78 మెగాజౌళ్ళు. దానితో 260 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరిగే స్థితికి తేవచ్చు. ఇందులో కొంత గాలి నిరోధం వలన, టైర్ల ఘర్షణ వలన పోతుంది. చిన్న గేరులో దిగితే పెద్ద భాగాన్ని ఇంజనే భరిస్తుంది. పెద్ద గేరులో, లేదా న్యూట్రలులో దిగితే, ఆ భారమంతా నాలుగు డ్రమ్ముల మీద పడుతుంది. నాలుగు డ్రమ్ముల ఇనుము కలిపి 160 కిలోగ్రాములు అనుకొంటే, ప్రతి 100 మీటర్ల దిగుడుకూ వాటి ఉష్ణోగ్రత 130 డిగ్రీలకు పైగా పెరగటానికి ఆ శక్తి చాలును. మధ్యలో గాలి తీసుకొనిపోయే వేడిని మినహాయించినా, ఇది భయపడవలసిన లెక్కే.

పెడలు చెప్పే సాక్ష్యం

వేడెక్కిన బ్రేకులు మూడు విధాలుగా విఫలమవుతాయి. మూడింటిలోనూ పెడలు వేర్వేరుగా ప్రవర్తిస్తుంది. ఈ భేదం తెలియటం ప్రతి డ్రైవరుకూ అవసరం.

మొదటిది, లైనింగు వేడెక్కి దాని ఘర్షణ గుణకం తగ్గటం. అప్పుడు పెడలు గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. రెండవది, డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవటం. అప్పుడు పెడలు మామూలుకంటె ఎక్కువ దూరం దిగి తరువాత పట్టుకొంటుంది. మూడవది, బ్రేకు ద్రవం మరిగి గొట్టాలలో ఆవిరి చేరటం. ద్రవం నొక్కుకుపోదు గనుక, పాస్కల్ నియమాన్ని అనుసరించి పీడనాన్ని చక్రం దాకా చేరవేస్తుంది. ఆవిరి నొక్కుకుపోతుంది. అందుచేత పెడలు దూదివలె మెత్తబడి పలకకు అంటుతుంది.

ఉస్తాద్ గారు చెప్పినది ఈ మూడవ లక్షణమే. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొనే స్వభావం గలది. డాట్ 3 రకం కొత్త ద్రవం 205 డిగ్రీలకు తక్కువ కాకుండా మరగవలెనని ప్రమాణం. కొంత నీరు చేరిన తరువాత అదే ద్రవానికి ప్రమాణం 140 డిగ్రీలు మాత్రమే. సముద్రతీరపు తేమలో ఏళ్ళ తరబడి ద్రవం మార్చకుండా తిరిగిన లారీలో ఏమి జరిగి ఉంటుందో ఊహించటం కష్టం కాదు. ద్రవం మార్చారా అని అడిగితే ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "ఆ రోజుల్లో తగ్గినప్పుడు పోయటమే గాని, మార్చటం ఎవరికి తెలుసు?" అన్నారు.

కావున ఆనాటి దోషి డ్రమ్ము ఒక్కటే కాదు. ముసలి ద్రవం ఒకటి, దిగుడులో పెద్ద గేరు మరొకటి. డిస్కు బ్రేకులో పిస్టను నేరుగా బ్రేకు పలకను తాకుతూ ఉంటుంది గనుక ద్రవానికి వేడి అందే దారి ఇంకా దగ్గర. పాత ద్రవంతో డిస్కు బ్రేకులు వేసి కొండ దిగితే అదే ప్రమాదం తిరిగి జరుగవచ్చును.

డ్రమ్ము, డిస్కు - గుణదోషాలు

డిస్కు బ్రేకు కొత్త వస్తువు కాదు. ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు పొందినాడు. అయినా 1953లో ఫ్రాన్సులోని లెమాన్ పందెంలో డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు గెలిచిన తరువాతనే లోకం దాని విలువను గుర్తించినది.

డిస్కులో తిరిగే ఇనుప పళ్ళెం బాహ్యంగా గాలికి తెరచి ఉంటుంది. వేడి త్వరగా పోతుంది. పళ్ళెం వ్యాకోచిస్తే పలకల వైపే మందమవుతుంది గనుక పెడలు దూరం పెరగదు. వానలో తడిసినా నీరు విసరివేయబడుతుంది. డ్రమ్ములోనికి నీరు చేరితే ఆరేదాకా పట్టు తగ్గుతుంది.

డ్రమ్ముకూ ఒక ప్రత్యేక గుణం ఉన్నది. ముందు షూను డ్రమ్ము తిరుగుడే తనవైపు లాక్కొంటుంది. కాలు వేసిన బలానికి చక్రం తన బలాన్ని కలుపుతుంది. ఈ స్వయంసహాయం డిస్కుకు లేదు. అందుచేత అదే పీడనంతో డిస్కు అంతే పట్టు ఇవ్వాలంటే పెద్ద పిస్టను కావలెను. ఇంకొక మాట. మన ఊరి ఉప్పుగాలికి రోజూ తిరిగే బండి డిస్కుపై తుప్పు మొదటి రెండు మూడు తొక్కుళ్ళలో రాలిపోతుంది. నెలల తరబడి షెడ్డులో నిలిచే బండిలో మాత్రం కేలిపరు పిన్నులు, పిస్టనులు బిగుసుకొనిపోయే అవకాశం ఎక్కువ.

ఒక చిన్న లెక్క

వెనుక చక్రంలోని వీల్ సిలిండరు వ్యాసం 25 మిల్లీమీటర్లు, డ్రమ్ము వ్యాసార్థం 150 మిల్లీమీటర్లు అనుకుందాం. స్వయంసహాయంతో కలిపి రెండు షూల ఉమ్మడి గుణకాన్ని 2గా తీసుకుందాం. డిస్కు పక్షంలో పలకల ఘర్షణ గుణకం 0.35 అయితే, ఇరువైపులా కలిపి 0.7. పట్టు పడే వ్యాసార్థం 120 మిల్లీమీటర్లు. సిలిండరు వైశాల్యాన్ని గుణకంతోనూ, వ్యాసార్థంతోనూ హెచ్చవేస్తే, ఒకే పీడనానికి వచ్చే తిప్పుబలాలను పోల్చవచ్చును.

డ్రమ్ముకు వచ్చే సంఖ్య సుమారు 1,47,000. 40 మిల్లీమీటర్ల పిస్టను గల ఒంటి పిస్టను కేలిపరుకు 1,06,000. అనగా డ్రమ్ముకంటె 28 శాతం తక్కువ. 48 మిల్లీమీటర్ల పిస్టనుకు 1,52,000. దాదాపు సమానం. 60 మిల్లీమీటర్ల పిస్టనుకు 2,37,000. అరవై శాతం ఎక్కువ. డిస్కు అనే పేరులో బలం లేదు, బలహీనత లేదు. పిస్టను వైశాల్యాన్ని బట్టి అది డ్రమ్ముకంటె తక్కువా కావచ్చు, ఎక్కువా కావచ్చు. దుకాణంలో దొరికిన ఏదో ఒక కారు కేలిపరును తెచ్చి బిగించటం లెక్క చూడకుండా మందు మింగటం వంటిది.

ఎక్కువైతే మంచిదే కదా అని పాఠకులు అనవచ్చును. ఈ ప్రశ్నలోనే అసలు చిక్కు ఉన్నది.

ఖాళీ బండి, నిండు బండి

బండిని చివరకు ఆపేది బ్రేకు కాదు, టైరుకూ రోడ్డుకూ మధ్యనున్న ఘర్షణ. ఆ ఘర్షణ ఆ చక్రంపై పడే బరువును బట్టి ఉంటుంది. బ్రేకు వేయగానే బండి ముందుకు వంగుతుంది. వెనుక చక్రాలపై బరువు తగ్గి, ముందు చక్రాలపై పెరుగుతుంది.

లారీ చక్రాల మధ్య దూరం 4 మీటర్లు అనుకుందాం. ఖాళీ బరువు 4,000 కిలోగ్రాములు, గరిమనాభి ఎత్తు 1 మీటరు, నిలిచి ఉండగా వెనుక యాక్సిలుపై బరువు 1,800 కిలోగ్రాములు. గురుత్వ త్వరణంలో సగం మేరకు వేగం తగ్గేటట్లు బ్రేకు వేస్తే 500 కిలోగ్రాములు ముందుకు మారుతుంది. వెనుక మిగిలేది 1,300 మాత్రమే. అదే లారీ నిండితే మొత్తం 10,000, వెనుక 6,700, గరిమనాభి ఎత్తు 1.2 మీటర్లు అనుకుందాం. అప్పుడు 1,500 ముందుకు మారి, వెనుక 5,200 మిగులుతుంది.

వెనుక టైర్ల పట్టు ఖాళీగా ఉన్నప్పటికంటె నిండినప్పుడు నాలుగు రెట్లు. నిండు బండికి సరిపోయే వెనుక బ్రేకు, ఖాళీ బండికి మితిమీరిన బ్రేకు అవుతుంది. అప్పుడు వెనుక చక్రాలు తిరగటం మాని జారుతాయి. ముందు చక్రాలు ముందుగా బిగిస్తే స్టీరింగు పనిచేయదు గాని, బండి తిన్నగా పోతుంది. వెనుక చక్రాలు ముందుగా బిగిస్తే బండి తోక పక్కకు తిరిగి, రోడ్డుపై అడ్డంగా వచ్చే ప్రమాదం ఉన్నది. తడిసిన రోడ్డుపై ఇది రెప్పపాటులో జరుగుతుంది.

ఉస్తాద్ గారి లారీ ఇప్పుడు ఎప్పుడూ ఖాళీగానే తిరుగుతుంది. అటువంటి బండికి ముందు బ్రేకులను అట్లే ఉంచి, వెనుక బ్రేకులకు మాత్రం బలం పెంచటం, భద్రత కోసం చేసే ప్రమాదకరమైన పని.

మార్చదలిస్తే చేయవలసినవి

ఇంత చెప్పినందువలన మార్పు చేయనేరాదని నా అభిప్రాయం కాదు. క్రమం తప్పకుండా చేస్తే లాభం ఉన్నది. ఆ క్రమం ఇది.

ఒకటి, ముందు చక్రాలతో ప్రారంభించవలెను. ఖాళీ బండిలో బ్రేకు భారంలో అధిక భాగం వాటిదే. వెనుక వంతు తరువాత వస్తుంది.

రెండు, పిస్టను వైశాల్యాన్ని లెక్కగట్టి ఎన్నుకొనవలెను. వెనుక గొట్టంలో పీడనాన్ని అదుపుచేసే వాల్వు అమర్చవలెను. బరువు మోసే లారీకైతే, కమాను పట్టీల వంగుడును బట్టి పీడనాన్ని మార్చే వాల్వు మేలు.

మూడు, పాత మాస్టరు సిలిండరును పరీక్షించవలెను. అనేక డ్రమ్ము బ్రేకు వ్యవస్థలలో కాలు తీసిన తరువాత కూడా గొట్టాలలో కొద్దిపాటి పీడనాన్ని నిలిపే చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. డిస్కుకు అది పనికిరాదు. దానిని వదిలివేస్తే పలకలు ఎల్లప్పుడూ డిస్కును రాస్తూ కాలిపోతాయి. పెద్ద పిస్టనులకు తగినంత ద్రవాన్ని ఆ సిలిండరు పంపగలదో లేదో కూడా చూడవలెను.

నాలుగు, కేలిపరును మోసే ఇనుప పట్టె దళసరిగా, డిస్కుకు సరిగ్గా సమాంతరంగా ఉండవలెను. యాక్సిలు హౌసింగుపై ఇష్టం వచ్చినట్లు వెల్డింగు చేస్తే ఆ వేడికి హౌసింగు వంగి బేరింగులు చెడుతాయి. బిగించిన డిస్కు అంచును డయలు గేజితో చూస్తే ఊగులాట మిల్లీమీటరులో పదవ వంతు మించకుండా ఉండటం మంచిది.

ఐదు, హేండు బ్రేకును మరువరాదు. డ్రమ్ము తీసివేయగానే వెనుక చక్రాల హేండు బ్రేకు కూడా పోతుంది. కేలిపరులోనే యాంత్రికమైన మీట ఉన్న రకం గాని, డిస్కు మధ్యలో చిన్న డ్రమ్ము ఉన్న రకం గాని వాడవలెను. గేరుబాక్సు వెనుక, తిరిగే షాఫ్టును పట్టే బ్రేకు ఉన్న బండ్లకు ఈ చిక్కు లేదు.

ఆరు, గాలి తీసే నిపులు పైకి ఉండవలెను. ఇందులో నా అనుభవం ఒకటి చెప్పుకొంటాను. సెలవులలో పని నేర్చుకొనటానికి నేను ఒక షెడ్డుకు వెళ్ళేవాడిని. అక్కడ ఒక జీపుకు కేలిపర్లు బిగించినాము. ఎంత గాలి తీసినా పెడలు మెత్తగానే ఉన్నది. రెండు సీసాల ద్రవం వృథా అయినది. మూడవనాడు తెలిసినది, కుడిదానిని ఎడమవైపు, ఎడమదానిని కుడివైపు బిగించినాను. నిపుళ్ళు క్రిందివైపుకు వచ్చినవి. గాలి పైకి పోయే వస్తువు. పైన చిక్కుకొన్న గాలి క్రింది రంధ్రం నుండి ఎన్నటికీ రాదు. ఆరవ తరగతి పిల్లవానికి తెలిసిన ఈ సత్యం నాకు మూడు రోజులకు గాని తట్టలేదు.

ఏడు, పాత లైనింగుల దుమ్మును నోటితో గాని, గాలి గొట్టంతో గాని ఊదరాదు. పూర్వపు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని సన్నని నూలుపోగులు ఊపిరితిత్తులలో చేరితే, ఏళ్ళ తరువాత ప్రాణాంతకమైన వ్యాధులు రావచ్చును. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటగట్టి పారవేయవలెను.

ఎనిమిది, చట్టాన్ని పాటించవలెను. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చటాన్ని నియంత్రిస్తుంది. కావున పనికి ముందే రవాణా శాఖ అధికారులను సంప్రదించటం యజమాని బాధ్యత.

చివరిది పరీక్ష. జనం లేని ఖాళీ మైదానంలో ముందు నెమ్మదిగా, తరువాత కొంచెం వేగంగా బ్రేకు వేసి, ఏ చక్రాలు ముందు బిగుస్తున్నవో మరొకరు దూరం నుండి చూడవలెను. పొడి నేలపైన, తడి నేలపైన, రెంటిపైనా చూడవలెను. వెనుకవి ముందుగా బిగిస్తే ఆ బండి రోడ్డుకు యోగ్యం కాదు.

ముగింపు

ఈ లెక్కలన్నీ ఒక కాగితంపై వ్రాసి ఉస్తాద్ గారికి చూపించినాను. ఆయన అంకెలను వదిలివేసి, ఖాళీ బండి, నిండు బండి బొమ్మలను చాలాసేపు చూసినారు. తరువాత లారీ వెనుక చక్రం ప్రక్కన కూర్చుండి డ్రమ్మును చేతితో తట్టి, "నలభై ఏళ్ళు నీమీద నింద వేసినాను" అన్నారు.

ఆ లారీకి ఆయన చేసినది ఇది. బ్రేకు ద్రవం అంతా తీసివేసి కొత్తది పోసినారు. ఇకపై రెండేళ్ళకొకసారి మార్చే తేదీని షెడ్డు గోడపై సుద్దతో వ్రాసినారు. వెనుక డ్రమ్ములను లేతు మిషనుపై నునుపుచేయించి, ఆస్‌బెస్టాస్ లేని కొత్త లైనింగులు వేసినారు. ముందు చక్రాలకు డిస్కులు వేయటానికి అధికారుల అనుమతి కోసం దరఖాస్తు సిద్ధం చేస్తున్నారు. వెనుక డిస్కుల సంగతి దాని తరువాత, ముందు బ్రేకులను పరీక్షించి, అవసరమైతేనే.

విద్యార్థి మిత్రులారా, బ్రేకు ఒక్క చక్రానికి సంబంధించిన వస్తువు కాదు. కాలు, పెడలు, ద్రవం, గొట్టం, పిస్టను, పలక, టైరు, రోడ్డు, బరువు, గేరు, ఇవన్నీ ఒక గొలుసు. ఒక కొనలో కొత్త లంకె వేసినంత మాత్రాన గొలుసు బలపడదు. బలహీనమైన లంకె ఏదో ముందుగా వెదకి, దానిని బాగుచేయటమే శాస్త్రం. ఆ వెదకటంలో పొరపాటు జరిగితే చెల్లించవలసినది మార్కులు కావు, లారీ ముందు దారిన పోయే మనిషి ప్రాణం.